ఇన్సులిన్ మొదలుపెట్టాక సూది బెజ్జం కనబడటం లేదు!

ప్రశ్న: నా వయసు 46. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. ఇరవై రెండేళ్లుగా ఇంట్లోనే మిషను కుడుతున్నాను. నాలుగేళ్ల కిందట చత్వారం వచ్చి, దగ్గరి చూపుకు ప్లస్ ఒకటిన్నర అద్దాలు వాడుతున్నాను. మొన్న సంక్రాంతి ముందు ఆ అద్దాలు లేకుండానే సూదిలో దారం ఎక్కించగలిగాను. కళ్లు బాగుపడ్డాయని సంతోషించాను. తరవాత విపరీతమైన దాహం, నీరసం. ఆరు కిలోలు తగ్గిపోయాను. పరీక్ష చేయిస్తే పరగడుపున షుగర్ 342, మూడు నెలల సగటు 12.8 వచ్చింది. రెండు పూటలా ఇన్సులిన్, మాత్రలు ఇచ్చారు. ఇరవై రోజుల్లో పరగడుపు షుగర్ 124కు దిగింది. కానీ పది రోజులుగా దగ్గరివి ఏవీ కనబడటం లేదు. పాత అద్దాలు పెట్టుకున్నా అంతే. దూరంగా ఉన్నవీ మసకగానే ఉన్నాయి. రెండు కళ్లూ ఒకేలా ఉన్నాయి. మా అత్తగారి కళ్లజోడు పెట్టుకుంటే మాత్రం సూది బెజ్జం కనబడుతోంది. కళ్లజోళ్ల షాపులో పవర్ ప్లస్ మూడు దాటిందని, కొత్త అద్దాలకు నాలుగున్నర వేలు అవుతుందని చెప్పారు. ఇన్సులిన్ కళ్లను తినేస్తుందని పక్కింటావిడ అంటే భయపడి రెండు రోజులు మానేశాను. కొంచెం నయమనిపించింది. పూర్తిగా మానేయమంటారా? నా చూపు తిరిగి వస్తుందా? పెళ్లిళ్ల జాకెట్లు ముప్పై దాకా పేరుకుపోయాయి.

జవాబు: అమ్మా, మిగతావన్నీ తరవాత మాట్లాడుకుందాం. ముందు మీ డాక్టరుకు ఫోను చేసి, రెండు రోజులు ఇన్సులిన్ మానేశానని చెప్పండి. తిడితే తిట్టించుకోండి. ఆయన చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు ఈ రోజే మళ్లీ మొదలుపెట్టండి. మానేసిన రెండు రోజులదీ కలిపి ఎక్కువ వేసుకోవద్దు. మొన్నటి దాకా 342 ఉన్న మనిషి ఉన్నట్టుండి ఇన్సులిన్ ఆపేస్తే, కళ్ల సంగతి అటుంచి ప్రాణం మీదికి రావచ్చు.

ఇక కళ్లు. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చినది అత్తగారి కళ్లజోడు మాట. మీరు యథాలాపంగా రాసి ఉంటారు గాని, సగం చిక్కు అక్కడే విడిపోయింది. సినిమా హాల్లో తెర చిరిగిపోతే యంత్రాన్ని ఎంత సరిచేసినా బొమ్మ బాగుపడదు. కంటి వెనకనున్న రెటీనా అలాంటి తెర. దాని నడిమి భాగం దెబ్బతిని చూపు తగ్గినవారికి ఎవరి కళ్లజోడు పెట్టినా సూది బెజ్జం దొరకదు. అద్దం మార్చగానే మీకు దొరికింది. అంటే తెర నడుమ బాగానే ఉంది, బొమ్మ మాత్రం తెర మీద పడవలసిన చోట పడటం లేదు. పైగా రెండు కళ్లలోనూ ఒకేలా, షుగర్ వేగంగా దిగిన పది రోజులకే మొదలైంది. ఇలా వచ్చే మసక దాదాపు ఎప్పుడూ కంటి కటకానిదే, అది తనంతట తాను సర్దుకుంటుంది.

అసలు ఈ కథ పది రోజుల కిందట కాదు, సంక్రాంతికి ముందే మొదలైంది. చత్వారం ఒకసారి వచ్చాక వెనక్కి పోదు. నలభై దాటిన మనిషి ఒకనాడు అద్దాలు పక్కన పెట్టి చదవడం మొదలుపెడితే ఇంట్లోవాళ్లు మురిసిపోతారు, నేను షుగర్ పరీక్ష రాస్తాను. (ఇంకా పెద్ద వయసువారిలో శుక్లం ముదురుతున్నప్పుడు కూడా ఇలాగే అవుతుంది. అదీ మురిసిపోవలసిన సంగతి కాదు.) మీ ఒంట్లో షుగర్ పెరిగి కటకం తీరు మారింది, కాంతిని ఎక్కువగా వంచసాగింది. కన్ను మైనస్ వైపు జరిగింది. మీకున్న ప్లస్ ఒకటిన్నర అందులో కొట్టుకుపోయింది. సూదిలో దారం ఎక్కింది. అప్పుడు కళ్లు బాగుపడలేదు, ఇప్పుడు చెడిపోలేదు. అప్పుడు ఒక పక్కకు ఒరిగిన తక్కెడ ఇప్పుడు రెండో పక్కకు ఒరిగింది.

ఎందుకు ఒరిగిందో చెబుతాను. కంటిపాప వెనక ఉండే కటకం వెడల్పు సుమారు 9 మిల్లీమీటర్లు. దానికి రక్తనాళాలు లేవు. చుట్టూ ఉన్న నీటిలోంచే తిండి తీసుకుంటుంది. రక్తంలో షుగర్ నెలల తరబడి ఎక్కువగా ఉంటే ఆ నీటిలోనూ ఎక్కువే, కటకంలోనూ ఎక్కువే. లోపలికి వెళ్లిన గ్లూకోజులో కొంత సార్బిటాల్ అనే చక్కెర జాతి పదార్థంగా మారుతుంది. అది మొండిది, త్వరగా బయటికి రాదు. ఇప్పుడు ఇన్సులిన్ వచ్చి రక్తంలోని షుగర్‌ను రోజుల్లో దించేసింది. చుట్టూ ఉన్న నీరు పలచబడింది. కటకం లోపల మాత్రం పాత సరుకు అలాగే ఉంది. ఉప్పులో ఊరి ఎండిన మాగాయ ముక్కను మంచినీళ్ల గిన్నెలో వేసి కాసేపాగి చూడండి. ముక్క నీరు పీల్చి ఉబ్బుతుంది. మీ కటకానికి ఇప్పుడు జరుగుతున్నది అదే. నీరు చేరిన కటకం కాంతిని కావలసినంత వంచలేకపోతుంది. కన్ను ప్లస్ వైపు జరుగుతుంది. దగ్గరివి ముందు మసకబారతాయి, జరిగింది ఎక్కువైతే దూరానివి కూడా. ముప్పై ఏళ్లవాళ్లయితే కంటి కండరాన్ని బిగించి చాలావరకు నెట్టుకొస్తారు. చత్వారం వచ్చిన మీ కంటికి ఆ వెసులుబాటు లేదు.

షుగర్ ఎంత ఎక్కువ నుంచి ఎంత వేగంగా దిగితే మార్పు అంత ఎక్కువగా ఉంటుంది. అద్దాల పవర్ అర నుంచి మూడు దాకా జరగడం మామూలే. కొద్ది రోజుల్లో మొదలై, వారం రెండు వారాల్లో బాగా ముదిరి, ఆ తరవాత నెమ్మదిగా తగ్గుతుంది. మొత్తం సర్దుకోవడానికి నెల నుంచి రెండు నెలలు, కొందరికి ఇంకొన్ని వారాలు ఎక్కువ పడుతుంది. మీ లెక్క ప్రకారం మీరు ఇప్పుడు గట్టు ఎక్కే చోట కాదు, దిగే చోట ఉన్నారు.

రెండు రోజులు మానేస్తే నయమనిపించిందన్నారు. షుగర్ మళ్లీ ఎగబాకితే కటకం పాత తీరుకు కొంత తిరగవచ్చు, చూపు తేరుకున్నట్టే ఉంటుంది. ఈ మోసమే నన్ను భయపెడుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మీ పక్కింటావిడ అనుకోవడంలో ఆవిడ తప్పు లేదు. కళ్లెదుట జరిగినది చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. తప్పు మా డాక్టర్లది. ‘షుగర్ దిగేటప్పుడు కొన్ని వారాలు చూపు మసకగా ఉంటుంది, కంగారుపడవద్దు’ అని ఇన్సులిన్ చీటీ రాసే చేత్తోనే ఒక ముక్క చెప్పడానికి అర నిమిషం పట్టదు. చెప్పకపోవడం వల్ల మందు మానేసినవాళ్లను నేను ఏటా చూస్తూనే ఉన్నాను.

కళ్లజోడు ఇప్పుడు చేయించకండి. ఆ షాపువారు చెప్పిన పవర్ అబద్ధం కాదు, ఈ రోజుకు అది నిజమే. వచ్చే నెలకు కాదు. ఒక బడి మాస్టారు నా దగ్గరికి వచ్చినప్పుడు సంచిలోంచి మూడు కళ్లజోళ్లు తీసి బల్ల మీద వరసగా పెట్టారు. షుగర్ పెరిగినప్పుడు ఒకటి, దిగుతున్నప్పుడు ఒకటి, సగం దిగాక ఒకటి. నాలుగు నెలల్లో మూడు. ఏదీ సరిపోవడం లేదని ఆయన గోడు. షుగర్ నిలకడగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉన్నాక పరీక్ష చేయించుకోండి. రెండు మూడు వారాల తేడాతో రెండుసార్లు చూసినా ఒకే పవర్ వస్తే అప్పుడు డబ్బు పెట్టండి. బహుశా మీ పాత ప్లస్ ఒకటిన్నరే, లేదా దానికి కాస్త అటూ ఇటూ వస్తుంది. ఈలోగా తక్కువ ధరకు దొరికే రెడీమేడ్ రీడింగ్ అద్దాలు, ప్లస్ మూడువో మూడున్నరవో, ఏది పెట్టుకుంటే హాయిగా ఉంటే అది తెచ్చుకోండి. తాత్కాలికంగా వేరే పవర్ అద్దాలు పెట్టుకుంటే కళ్లు పాడవుతాయన్నది అపోహ. మహా అయితే తలనొప్పి వస్తుంది, తీసేస్తే పోతుంది.

ఉత్తరంలో మీరు రాయని విషయం ఒకటి నన్ను తొలుస్తోంది. సూది బెజ్జమే కనబడని మనిషి ఇన్సులిన్ సిరంజి మీద గీతలు ఎలా చూస్తున్నారు? మీకు ఇచ్చింది సీసా ఇన్సులిన్ అయితే, మన దేశంలో అది మామూలుగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో వస్తుంది. దానికి ఎర్ర మూత ఉన్న సిరంజి వాడాలి. నారింజ రంగు మూతది 100 యూనిట్ల ఇన్సులిన్ కోసం. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. మసక కళ్లతో ఎరుపు, నారింజ మూతలు తారుమారు కావచ్చు. కాబట్టి చూపు తేరుకునేదాకా మోతాదు ఎక్కించే పని ఇంట్లో కళ్లు సరిగా ఉన్నవారికి అప్పగించండి. అమ్మాయి ఉంటే అమ్మాయికి నేర్పండి. ఎవరూ లేకపోతే డాక్టరును అడిగి ఇన్సులిన్ పెన్నుకు మారండి. అందులో యూనిట్లు తిప్పుతుంటే ఒక్కో యూనిట్‌కు ఒక్కో టిక్కు వినబడుతుంది, వేలికి తెలుస్తుంది.

దీనితో కలగలిపి చూడకూడని మసక ఇంకొకటి ఉంది. ఉన్నట్టుండి కళ్లు బైర్లు కమ్మి, చెమటలు పట్టి, చేతులు వణికి, ఆకలి దంచేస్తుంటే అది కటకం పని కాదు, షుగర్ మరీ పడిపోయింది. మీటరుంటే చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే, లేదా చూసే తీరిక లేకపోతే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి. మిషను ముందు కూర్చుని అన్నం వేళ దాటించే అలవాటు కుట్టుపని చేసేవారందరికీ ఉంటుంది. ఇన్సులిన్ వేసుకునేవారికి ఆ అలవాటు పనికిరాదు.

ఇంతవరకూ మీకు ధైర్యం చెప్పాను. ఇప్పుడు కాస్త భయపెట్టాలి. ఈ మసక తగ్గిపోయేదే అయినా మీరు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లవలసిందే, మసక తగ్గేదాకా ఆగకుండా. మీ షుగర్ మీకు తెలిసిన రోజున పుట్టింది కాదు. మీ వయసులో ఎక్కువగా బయటపడే టైప్ 2 రకం షుగర్ చాలామందిలో పైకి తెలియకుండా ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ ఏళ్లలో రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని ఉండవచ్చు. డయాబెటిక్ రెటినోపతి అని వింటుంటారు, అదే ఇది. మొదట్లో నొప్పి ఉండదు, మసక ఉండదు. అత్తగారి కళ్లజోడుతో సూది బెజ్జం కూడా చక్కగా కనబడుతుంది. అందుకే టైప్ 2 షుగర్ బయటపడగానే రెటీనా పరీక్ష చేయించాలంటారు. చాలామంది కటకం వల్ల వచ్చిన మసకతో వచ్చి, రెటీనా సంగతి తెలుసుకుని వెళతారు. కొందరికి ఆ మసక మేలే చేసింది.

మీకు ఈ పరీక్ష మరింత ముఖ్యం కావడానికి ఇంకొక కారణం ఉంది. రెటీనాలో ముందే దెబ్బ ఉన్నవారికి షుగర్ చాలా వేగంగా దిగితే మొదటి ఏడాదిలో అది కాస్త ముదరవచ్చు. అమెరికా, కెనడాలలో 1,441 మంది టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) రోగులపై షుగర్ అదుపు గురించి జరిగిన డీసీసీటీ అనే అధ్యయనం 1993లో వెలువడింది. గట్టిగా షుగర్ అదుపు చేసినవారిలో మొదటి ఏడాదిలోపు రెటీనా కొంత దిగజారినవారు 13.1 శాతం, మామూలు వైద్యం అందినవారిలో 7.6 శాతం. ఈ ఒక్క ముక్క విని మళ్లీ ఇన్సులిన్ మానేయకండి, మిగతాది కూడా వినండి. అలా దిగజారినవారిలో దాదాపు సగం మందికి ఏడాదిన్నర నాటికి సర్దుకుంది. సగటున ఆరున్నరేళ్లు గడిచేసరికి, మొదట్లో రెటీనా బాగున్నవారిలో కొత్తగా జబ్బు వచ్చే ముప్పు గట్టి అదుపు వల్ల 76 శాతం తగ్గింది. అది టైప్ 1 వారి లెక్క. మీ టైప్ 2కు కూడా దారి అదే. షుగర్ దించడం మానకూడదు, దించుతున్నప్పుడు రెటీనా మీద కన్ను వేసి ఉంచాలి. మీ రెటీనాలో ఏమీ లేదని తేలితే ఏడాదికొకసారి చూపించుకుంటే చాలు. ఉందని తేలితే ఎన్ని నెలలకు రమ్మంటే అన్ని నెలలకు వెళ్లాలి. ఆ కాగితం మీ షుగర్ డాక్టరుకు కూడా చూపించాలి.

కళ్లజోళ్ల షాపులో యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టేది ఈ పరీక్ష కాదు. అక్కడ చూసేది పవర్. మీరు అడగవలసింది చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దది చేసి రెటీనా చూడమని. జిల్లా ఆసుపత్రి కంటి విభాగంలో అడగండి. విజయవాడ, విశాఖపట్నం వెళ్లగలిగితే ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణాలు రెండు చోట్లా ఉన్నాయి. విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి కూడా ఉంది. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు వెలుతురు పొడిచినట్టు ఉంటుంది, దగ్గరివి అసలు కనబడవు. ఇది కొత్త జబ్బు కాదు, మందు దిగిపోతే పోతుంది. గొడుగో నల్లద్దాలో తీసుకెళ్లండి. వాడుతున్న మందుల చీటీలు, పాత అద్దాలు కూడా పట్టుకెళ్లండి.

పరీక్ష తేదీ వచ్చేదాకా ఇంట్లో చేసుకోవలసింది ఒకటుంది. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు అందరి ఇళ్లలో ఉంటుంది కదా. దాన్ని కిందికి దించి, మీకు సరిపోయే అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను అరచేత్తో మూసి, తిథి, వర్జ్యం రాసిన చిన్న అక్షరాలు చూడండి. తరవాత రెండో కన్నుతో చూడండి. గళ్ల గీతలను కూడా గమనించండి. రెండు కళ్లూ ఒకేలా మసకగా ఉండి, వారం వారం మెరుగవుతుంటే సరే. ఒక కంటికి మాత్రమే అక్షరాలు అలుక్కుపోతున్నా, తిన్నగా ఉండవలసిన గీతలు వంకర పోతున్నా, గళ్ల నడుమ మచ్చలా కనబడినా ఆ వారంలోనే వెళ్లండి. రెటీనా నడుమ నీరు చేరితే అలా ఉంటుంది. కళ్ల ముందు నల్లటి చుక్కలు, సాలెగూడు పోగులు గుంపుగా తేలుతున్నా, పరదా దించినట్టు చూపు మూసుకుపోతున్నా, ఒకటి రెండుగా కనబడినా, కన్ను ఎర్రబడి పోటు పెట్టినా రేపటి దాకా కూడా ఆగవద్దు.

పక్కింటావిడ ఈసారి పొన్నగంటి కూర తినమంటారు, చూస్తుండండి. పోయిన కంటిని తెచ్చే కూర గనుక ఆ పేరు వచ్చిందని మనవాళ్లు చెప్పుకుంటారు. ఆకుకూర మంచిదే, పప్పులో వేసుకుని తినండి, ఇన్సులిన్ వేసుకుని తినండి. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, అంతవరకు నాకు అభ్యంతరం లేదు. పూల రసం గాని, ఆకు పసరు గాని, తేనె గాని కంట్లో పోయవద్దు. షుగర్ ఉన్న కంట్లో పుండు పడితే మానడం కష్టం.

ముప్పై జాకెట్ల సంగతి. తిన్నని కుట్లు మిషను మీద లాగించేయవచ్చు. కాజాలు, హుక్కులు, చేతి హెమ్మింగ్, నల్ల గుడ్డ మీద నల్ల దారం, ఇవి నెల రోజులు వేరేవాళ్లకు ఇచ్చేయండి, కూలి కొంత పోతే పోయింది. సూదికి దారం ఎక్కించే పల్చటి తీగ ముక్క కుట్టు సామాను అమ్మే కొట్లో దొరుకుతుంది. మిషను సూది వేలిలో దిగడం మీకు కొత్త కాకపోవచ్చు గాని, ఇప్పుడు దిగితే గాయం మానడానికి రోజులు పడుతుంది. దీపం దగ్గరికి జరుపుకోండి, పగలే కుట్టండి.

చివరగా ఒక మాట అడగాలి. మీరు మీ అత్తగారి కళ్లజోడు పెట్టుకుని కుడుతుంటే, ఈ పది రోజులుగా ఆవిడ ఏం పెట్టుకుంటున్నారు? ఆవిడకు షుగర్ ఉందో లేదో, కళ్లు చూపించుకుని ఎన్నేళ్లయిందో మీరు రాయలేదు. రెడీమేడ్ అద్దాలు తెచ్చుకున్న రోజే ఆవిడవి ఆవిడకు ఇచ్చేయండి, ఆసుపత్రికి ఆవిడను కూడా వెంటబెట్టుకు వెళ్లండి. ఇద్దరికీ చుక్కలు వేస్తే తిరుగు ప్రయాణంలో బస్సు బోర్డు చదివేవాళ్లు ఉండరు. మూడో మనిషిని కూడా తీసుకెళ్లండి.